ఒక బ్యాటరీ పద్యమునకు టీకా తాత్పర్యము

అవతారిక

మెదకు సీమలోని కొలిచెలమ గ్రామమును తన యింటిపేరుగా నిలిపికొన్న మల్లినాథసూరి, కాళిదాసాది మహాకవుల కావ్యములకు వ్యాఖ్యలు వ్రాయుచు, మూలమున లేనిదానిని వ్రాయననియు, అక్కరలేనిదానిని పలుకననియు ప్రతిన పట్టెను. ఆ రెంటిలో మొదటిదానిని నేనును యథాశక్తి పాలింతును. రెండవదానిని మాత్రము, కారు సర్వీసు సెంటరులోని సోఫా మీద ఒక పూట కూర్చుండి వచ్చిన వాడెవ్వడును పాలింపజాలడు గనుక, పండితులు మన్నింతురు గాక.

రఘువంశమునకు వ్యాఖ్య కలదు, మేఘసందేశమునకు కలదు, వ్యాఖ్యలకు మరల వ్యాఖ్యలును కలవు. కాని గృహస్థుడైన వాడు తన జీవితమున రఘువంశమును వినుట అరుదు. "బ్యాటరీ బాగానే ఉంది సార్" అను వాక్యమును వినుట మాత్రము తఱచు. ఇంతగా వ్యవహారమున నలుగుచున్న విషయమునకు ఒక్క వ్యాఖ్యాతయు దొరకకుండుట మన వాఙ్మయమునకు వెలితి యని తలచి, ఆ విషయము మీదనే వెలువడిన యొక తేటగీతిని గైకొని, నా యెఱిగినంత మేర ఈ టీకను సంతరించుచున్నాను.

పద్యము అజ్ఞాతకర్తృకము. విజయవాడలోని ఒకానొక సర్వీసు సెంటరులో (దాని పేరు చెప్పుట వ్యాఖ్యాతృధర్మము కాదు) ఖాతాదారులు ఎదురుచూచుటకై కట్టిన చల్లని గదియందు, శబ్దము తీసివేసిన టీవీకి ఎదుట, అట్ట చినిగిన వారపత్రిక యంచున పెన్సిలుతో వ్రాయబడి యుండగా నా కంటబడినది. కవి పేరు లేదు; బండి నంబరును లేదు. అయినను అంతస్సాక్ష్యములను బట్టి అతని కాలమును కొంతవరకు నిర్ణయింపవచ్చును.

పూర్వావధి సులభము. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టరు 1912 నాటి కాడిలాక్ కార్లయందు అమరినది. అంతకు పూర్వము ఇంజనును ఇనుప హ్యాండిలుతో చేతులు విరుగునట్లు త్రిప్పి మేల్కొలుపవలసి యుండెను గనుక, 'సెల్ఫు' శబ్దముగల ఈ పద్యము 1912కు ముందుది కాజాలదు. అంతకంటె చేరువకు రావలెనన్నచో, కవి చెప్పిన దానిని గాక చెప్పని దానిని పరిశీలింపవలెను. బండి మొరాయించినదని వాపోయిన కవి, వీథిలోని నలుగురు పిల్లలను పిలిచి తోయించితినని గాని, సెకండు గేరులో వేసి క్లచ్చి వదలితినని గాని, కిక్కు కొట్టితినని గాని ఎచ్చటను అనలేదు. అనుపలబ్ధియు ఒక ప్రమాణమే గదా. కార్బురేటరు బండ్లకు ఆ సౌకర్యము కలదు. ఇంధనమును పంపు ద్వారా, కంప్యూటరు ఆజ్ఞానుసారముగా చిమ్ముకొను నేటి బండ్లకు, పంపు తిరుగుటకే బ్యాటరీ కావలెను. అది పూర్తిగా చచ్చినచో ఊరంతయు తోసినను ప్రయోజనము లేదు. కార్లకు ఈ పద్ధతి ముందే వచ్చినది. 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్. 6 నిబంధన అమలుకాగా మోటారు సైకిళ్ళును దాదాపుగా ఈ దారినే పట్టినవి. వానిలో పెక్కింటికి కిక్కు రాడ్డు కూడ ఊడిపోయినది. కావున కవి, తోయుట యను ఉపాయాంతరమును కోల్పోయిన తరమునకు చెందినవాడని సిద్ధించుచున్నది. అతని దైన్యమునకు మూలకారణమును ఇదియే.

మూలము

తే. సెల్ఫు కొట్టిన టక్కని చిన్న సద్దు;
బండి తియ్యరు మీరని పలుకు నతఁడు;
కార్డు చూపిన నక్షరాల్ గానరావు;
మోపు మోసిన వేళనె ముసుఁగు దొలఁగు.

ప్రతిపదార్థము

సెల్ఫు = తాళము త్రిప్పగనే ఇంజనును మేల్కొలుపవలసిన మోటారును; కొట్టినన్ = ప్రయోగింపగా; టక్కని = 'టక్' అను; చిన్న సద్దు = అల్పమైన ధ్వని (మాత్రమే పుట్టును, ఇంజను లేవదు అని అధ్యాహారము); అతఁడు = ఆ సర్వీసు అడ్వైజరు; మీరు = సొమ్ము చెల్లించిన మీరే; బండి = వాహనమును; తియ్యరు అని = బయటికి తీయుట లేదు అని; పలుకున్ = కంప్యూటరు తెరనుండి కన్ను త్రిప్పకయే వచించును; కార్డు = వారంటీ పత్రమును; చూపినన్ = ఎదుట పెట్టగా; అక్షరాల్ = అందలి షరతులు; కానరావు = కంటికి ఆనవు; మోపు = బరువును, అనగా లోడును; మోసిన వేళనె = వహించు సమయముననే; ముసుఁగు = ఆవరణము; తొలఁగున్ = జారిపోవును.

తాత్పర్యము

బండి కదలదు. కదలని బండిని ఎట్లో మోయించుకొని పోగా, తప్పు బండిది కాదు, నీదే యందురు. కాదని పత్రము చూపినచో అందలి వ్రాత చదువుటకు శక్యము కాదు. కావున పలుకులచేతను పత్రములచేతను సత్యము తేలదు. బ్యాటరీ యొక్క నిజస్థితి దానిమీద బరువు పడినప్పుడు మాత్రమే తేలును అని భావము. ఈ న్యాయము బ్యాటరీకే గాక దానిని అమ్మినవారి మాటకును వర్తించునని నాలుగవ పాదము ధ్వనింపజేయుచున్నది. వ్యాఖ్యానమంతయు ఆ ధ్వనికొఱకే.

విశేషములు: మొదటి పాదము

'కొట్టినన్' అను ద్రుతాంతముమీద 'టక్క' అను పరుషము వచ్చినప్పుడు సరళాదేశము జరిగి 'కొట్టిన డక్కని' కావలసి యుండగా, కవి ఏల చేయలేదని లాక్షణికులు అడుగుదురు. ధ్వన్యనుకరణమునకు భంగము రాకుండుటకే యని సమాధానము. ఆఫీసునకు వేళ దాటిపోవుచుండగా ముంగిట కదలక నిలిచిన కారులో కూర్చుండిన వానికి ద్రుతసంధి స్ఫురింపకుండుట సహజమని లోకజ్ఞుల సమాధానము. రెండును గ్రాహ్యములే.

ఇక ఆ సద్దు ఎచ్చట పుట్టును? స్టార్టరు మోటారు నెత్తిన సోలినాయిడు అను విద్యుదయస్కాంతము కూర్చుండి యుండును. తాళము త్రిప్పగా అది కొద్దిపాటి విద్యుత్తు గ్రహించి, లోపలి కడ్డీని లాగి, బ్యాటరీకిని మోటారునకును నడుమ పెద్ద దారి తెరచును. ఆ దారి తెరచినంతనే మోటారు నూరు ఆంపియర్లకు పైగా అడుగును. బలముగల బ్యాటరీ ఇచ్చును. బలహీనమైనది ఇయ్యజాలక లిప్తకాలమున క్రుంగిపోవును. వోల్టేజి క్రుంగగనే సోలినాయిడు పట్టు సడలును. సడలగనే బరువు తీరి బ్యాటరీకి మరల ఊపిరి వచ్చును. ఊపిరి రాగనే సోలినాయిడు మరల పట్టును. ఈ పట్టువిడుపుల పరంపరయే బానెట్టు క్రింద 'టకటక' యని వినవచ్చునది.

ఇచ్చట వ్యాఖ్యాతలలో అభిప్రాయభేదము కలదు. కవి 'సద్దు' అని ఏకవచనము వాడినాడు గనుక ధ్వని యొక్కటియే యనియు, దీపములు కాంతి తగ్గక వెలుగుచుండగా ఒక్క 'టక్' వినవచ్చినచో దోషము బ్యాటరీది గాక స్టార్టరుదో, వైరు పట్టుదో కావచ్చుననియు ఒక తెగవారందురు. ఇది జాత్యేకవచనమనియు, 'చిన్న' యను విశేషణమే బలహీనతను చెప్పుచున్నదనియు రెండవ తెగవారు. నేను రెండవ పక్షమువాడను. అయినను మొదటి పక్షమువారి హెచ్చరిక త్రోసివేయదగినది కాదు. బ్యాటరీ టెర్మినలు మీద ఆకుపచ్చకును తెలుపునకును నడిమి వన్నెతో ఉప్పుపొడివలె పేరుకొన్నది కనబడినప్పుడు, ముందుగా నెగెటివు తీగను, తరువాత పాజిటివు తీగను విప్పి, వేడినీట వంటసోడా కలిపి పోసినచో అది బుసబుస పొంగి కరగిపోవును. గరుకు కాగితముతో రుద్ది, ముందు పాజిటివు, పిమ్మట నెగెటివు బిగించి, పైన వాజిలీను పూసినచో పెక్కు బండ్లు ఆ మాత్రముననే లేచును. ఈ కార్యమునకే సర్వీసు బిల్లులలో ఆంగ్లనామముతో ఒక పంక్తి వేరుగా ఉండుట పరిశీలకులెఱిగినదే.

రెండవ పాదము

'బండి తియ్యరు మీరు.' పద్యమునకంతకు ఆయువుపట్టు ఈ పాదము. 'బండి తిప్పరు' అని పాఠాంతరము ఉండవచ్చును గాని, తిప్పుటకు ముందు తీయుట కావలెను గనుక, మూలచ్ఛేదము చేయు 'తియ్యరు' పాఠమే అడ్వైజరుల హృదయమునకు దగ్గర.

న్యాయబుద్ధితో చూచినచో ఈ వాక్యమున కొంత సత్యము లేకపోలేదు. తాళము తీసి జేబులో వేసికొన్నను నేటి కారు పూర్తిగా నిద్రపోదు. గడియారము, దొంగల గంట, తాళమును గుర్తుపట్టు యంత్రము, కంప్యూటరు జ్ఞాపకశక్తి ఇవన్నియు రేయింబవళ్ళు కొంచెము కొంచెముగా విద్యుత్తును త్రాగుచునే యుండును. అది 50 మిల్లీ ఆంపియర్లు అనుకొందము. ఇరువది నాలుగు గంటలకు 1.2 ఆంపియర్ అవర్లగును. చిన్న కార్లకు వేయు 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఈ లెక్కన నెల తిరుగకుండ ఖాళీయగును. సెల్ఫునకు చాలనంతగా క్షీణించుటకు నెల కూడ అక్కరలేదు. కావున కాశీయాత్రకు పోయి వచ్చిన వానితో ఈ వాక్యము పలికినచో తప్పు పట్టరాదు.

దోషమెచ్చట ననగా, ఈ వాక్యమును ఎల్లరతోను పలుకుటయందు. నేను సర్వీసు సెంటరు బల్ల యెదుట నిలుచున్నప్పుడు అడ్వైజరు నాతో "సార్, బ్యాటరీ బాగానే ఉందండి. మీరే బండి బయటికి తియ్యట్లేదు. అందుకే డౌన్ అవుతోంది" అనెను. నా వెనుకనే మందుల కంపెనీ ప్రతినిధి యొకడు, దినమునకు సగము జిల్లా చుట్టివచ్చు యువకుడు, అదే వ్యాధితో వచ్చియుండెను. అతనితో, స్వరము మార్చకయే, "సార్, మీరు బండి మరీ ఎక్కువ తిప్పుతున్నారు. అందుకే పోయింది" అనెను. ఆ యువకుడును నేనును ఒకరి మొగము నొకరము చూచికొంటిమి. తీయని బండియందును తీసిన బండియందును సమానముగా కనబడు హేతువును తార్కికులు సవ్యభిచారమందురు. అది హేత్వాభాసములలో ప్రథమమైనది. తర్కసంగ్రహము చదువుకొను విద్యార్థులకు పర్వతముమీది పొగను చూపుటకంటె సర్వీసు బల్లను చూపినచో విషయము శీఘ్రముగా బోధపడును.

అడ్వైజరు దుష్టుడని మాత్రము ఈ వ్యాఖ్యాత భావించుట లేదు. కారు చేసినవారు బ్యాటరీ చేయలేదు. బ్యాటరీ చేసినవారి వారంటీ వేరు. క్లెయిము పంపినచో వారు పరీక్షించి త్రోసిపుచ్చవచ్చును. త్రోసిపుచ్చిన బరువు డీలరు నెత్తిన పడును. సాయంకాలము లోపల ఎన్ని బండ్లు డెలివరీ యైనవో లెక్కించు పట్టికయే యతనికి జీతము నిర్ణయించును గాని, ఎన్ని బండ్లు మరునాటి ఉదయమున లేచినవో అడుగు గడి ఆ పట్టికలో లేదు. కావున బండిని కంటె బండివానిని సరిచేయుట అతనికి సులభముగా తోచినది. ఒక రాత్రి ఛార్జింగు పెట్టి, ఉదయము మీటరు పెట్టి, అంకె చూపి, తాళము చేతికిచ్చుట ఆ శాస్త్రమునందలి సిద్ధప్రయోగము.

మూడవ పాదము

'అక్షరాల్ గానరావు' అనుచోట కవి రెండర్థములు పొదిగినాడు. షరతులు మిక్కిలి సన్నని యక్షరములతో అచ్చుపడుటవలన కానరావు అనునది మొదటిది. ఇది పాతది, బీమా పత్రములు పుట్టిననాటినుండి ఉన్నదే. రెండవది నూతనము. బ్యాటరీ కొన్న బిల్లు నేడు సిరా లేని యంత్రముపై వేడిచే అచ్చగు కాగితము. భద్రముగా ఉండునని గృహస్థుడు దానిని కారు డాష్‌బోర్డు అరలోనే దాచును. మే నెల ఎండలో మూసిన కారు కొలిమి యగును. ఆ వేడికి కాగితము నల్లబడియో, కాలక్రమమున వెలిసియో, కొన్న తేది యున్న తావున ఏమియు లేకుండును. తేది లేనిదే వారంటీ లేదు. వస్తువును ఎట్టి వేడికైనను ఓర్చునని అమ్మి, దాని రుజువును వేడికోర్వని కాగితముపై ఇచ్చిన ఈ లోకచాతుర్యమును కవి ఒక్క క్రియాపదముతో పట్టుకొన్నాడు.

సన్నయక్షరములను భూతద్దముతో చదివినచో అందు ప్రధానముగా రెండంశములుండును. మొదటిది: ఛార్జి దిగిపోవుట మాత్రమే లోపము కాదు; తయారీ దోషము ఉన్నచోనే మార్పిడి. న్యాయమే, దీపము ఆర్పుట మఱచిన వానికి కంపెనీ ఏల క్రొత్త బ్యాటరీ ఇయ్యవలెను? కాని లోపమున్నందుననే ఛార్జి నిలువని బ్యాటరీని కూడ 'ఛార్జి మాత్రమే దిగినది' యని ఛార్జింగు పెట్టి తిప్పి పంపుటకు ఈ వాక్యమే ద్వారము.

రెండవది ప్రోరాటా. మొత్తము వారంటీ 48 నెలలనుకొన్నచో, అందు మొదటి 24 నెలలు ఉచిత మార్పిడి, తక్కిన 24 నెలలు ప్రోరాటా యని వ్రాసియుండును. ప్రోరాటా యనగా ధరలో కొంత వంతు తగ్గింపు. ఏ ధరలో? పెట్టె మీద అచ్చువేసిన గరిష్ఠ ధరలో. ఇచ్చట కొంచెము లెక్క అవసరము. అచ్చు ధర 6,000 రూపాయలనియు, నూటికి ఇరువది తగ్గింపు వచ్చు నెలలో బ్యాటరీ పోయినదనియు అనుకొందము. క్రొత్తదానికి 4,800 చెల్లింపవలెను. పాతది వారికే వదలవలెను. ఇక వారంటీ మాట యెత్తకయే ఆటోనగరులోని కొట్టునకు పోయి పాత బ్యాటరీని బల్లమీద పెట్టినచో, పాతదాని సీసమునకు విలువ కట్టి, బేరమాడినంత మేర తగ్గించి, క్రొత్తదానిని ఇంచుమించు ఆ ధరకే ఇత్తురు. వారంటీ గలవానికిని లేనివానికిని ఒకే ధర పడుట అద్వైతమునకు చక్కని ఉదాహరణము. కాకపోతే క్లెయిము పత్రము నింపి, బండిని వదలి, పిలుపుకొఱకు ఎదురుచూచు తపస్సు వారంటీ గలవానికి అదనము.

నాలుగవ పాదము

'మోపు మోసిన వేళనె ముసుఁగు దొలఁగు.' ఇది తెలియుటకు బ్యాటరీ గర్భమును కొంత చూడవలెను. ఫ్రాన్సు దేశీయుడు గాస్టన్ ప్లాంటే 1859లో సీసపు బ్యాటరీని నిర్మించెను. నూట అరువది యేండ్లు దాటినను దాని మూలసూత్రము మారలేదు. నేటి పండ్రెండు వోల్టుల పెట్టెలో ఆరు గదులు, గదికి సుమారు 2.1 వోల్టులు, వెరసి నిండుబ్యాటరీకి 12.6. ప్రతి గదిలోను సీసపు పలకలు, సీసపు డయాక్సైడు పలకలు, నీరు కలిసిన గంధకామ్లము. విద్యుత్తు ఇచ్చునప్పుడు రెండు పలకల మీదను సీసపు సల్ఫేటు పుట్టును. ఛార్జి యగునప్పుడు అది మరల కరగును. ఛార్జి లేక పడియున్న బ్యాటరీలో మాత్రము ఆ సల్ఫేటు గట్టి స్ఫటికములై బిగిసికొని, ఎంత ఛార్జి పెట్టినను కరగక మొండికెత్తును. అంతట పలకలో పనిచేయు వైశాల్యము తగ్గిపోవును. మన వేసవులు దీనికి తోడు. వేడి పెరిగినకొలది లోపలి తుప్పు, నీరు ఇగురుట రెండును హెచ్చును. శీతదేశములలో బ్యాటరీ చలికాలపు ఉదయమున చచ్చినట్లు కనబడును గాని, దాని ఆయువు తిన్నది అంతకు ముందటి వేసవియే యని తజ్ఞులందురు. మనకు ఆ చలికాలము కూడ లేదు. అయినను బ్యాటరీ పెట్టె మీద సున్నకు దిగువ 18 డిగ్రీల చలిలో అది ఎన్ని ఆంపియర్లు ఇచ్చునో గొప్పగా అచ్చువేసియుండును. విజయవాడ మే నెలలో ఎన్నాళ్ళు బ్రతుకునో మాత్రము అచ్చువేయరు.

ఇప్పుడు రహస్యము చూడుడు. పలకలు క్షీణించినను, తక్కువ పని అడిగినంతవరకు వోల్టేజి తగ్గదు. రాత్రియంతయు ఛార్జింగు పెట్టి ఉదయముననే కొలిచినచో, పలకల పైపొరను నిలిచిన ఛార్జి వలన 12.6 కంటె హెచ్చు కూడ చూపవచ్చును. మల్టీమీటరు బ్యాటరీని అడుగు విద్యుత్తు అత్యల్పము. పెండ్లిచూపులనాడు వరుని వినయమును చూచి కాపురమును తూచినట్లు, బరువు లేనప్పటి అంకెను చూచి బ్యాటరీని తూచుట జరుగుచున్నది. అడ్వైజరు చూపిన అంకె అబద్ధము కాదు. అది అడుగవలసిన ప్రశ్నకు జవాబు కాదు, అంతే.

అడుగవలసిన ప్రశ్న అడిగిన వానిని నేను ఆటోనగరులో చూచితిని. తాటాకు పందిరి క్రింద చెక్కబల్ల, బల్లమీద వరుసగా తెరచిన బ్యాటరీలు, గాలిలో ఆమ్లపు ఘాటు. మేస్త్రి నా కార్డు అడుగలేదు. బండి తీయుచున్నానా లేదా యనియు అడుగలేదు. కొయ్య పిడికి రెండు ఇనుప కొమ్ములును, నడుమ చుట్టలు చుట్టిన మందపు తీగయు, పైన ముల్లుగల గడియారమును గల పనిముట్టును తీసి, కొమ్ములను టెర్మినళ్ళకు అదిమిపట్టెను. చుట్ట తీగ మొదట మసిబారి, ఆపై ఎఱ్ఱనై, కాలిన ఇనుపవాసన కొట్టెను. ముల్లు పండ్రెండు దాటి నిలిచినది కాస్త, పది వైపు జారి, పదిని దాటి, తొమ్మిదికిని క్రిందికి పోయి ఆగెను. "ఒక సెల్లు వీక్ అయ్యిందండి మాస్టారూ. రాత్రంతా ఛార్జింగ్ పెడితే పొద్దున పన్నెండున్నర చూపిస్తది. సెల్ఫ్ కొట్టండి, పడిపోద్ది" అని, కొమ్ములు తీసి, చెయ్యి గుడ్డకు తుడుచుకొనెను. సగము క్రాంకింగు బలమునకు సరిపడు లోడు పెట్టి పదునైదు సెకండ్లు పట్టినను 9.6 వోల్టులకు తగ్గరాదని ఈ పరీక్షకు శాస్త్రోక్తమైన హద్దు. మేస్త్రి ఆ హద్దును చదివియుండకపోవచ్చును. ముల్లు పడిన తీరే అతనికి చాలును.

రసాలంకారములు

పద్యమున అంగిరసమేది? బండి కదలకుండుట కరుణమునకు, అడ్వైజరు పలుకు రౌద్రమునకు ఆలంబనములు గదా యని తలపవచ్చును. కాని సర్వీసు సెంటరునుండి ఇల్లు చేరిన మరునాడు ఫోను మ్రోగును. "సార్, మా సర్వీస్ ఎలా ఉంది? కంపెనీ నుంచి కాల్ వస్తుంది, దయచేసి పదికి పది ఇవ్వండి సార్. తొమ్మిదిచ్చినా మాకు సున్నా కిందే లెక్క." ఆ సమయమున బండి మరల ముంగిట కదలక నిలిచియుండును. పదికి తొమ్మిది సున్నయగు గణితమును, లేవని బండికి పది యడుగు ధైర్యమును ఒకేసారి విన్నవానికి కోపము రాదు; విస్మయము కలుగును. విస్మయమే స్థాయిగా గలది అద్భుతరసము గనుక, ఈ పద్యమున అంగిరసము అద్భుతమే. విశేషములైన మొదటి మూడు పాదములను నాలుగవ పాదమున సామాన్యముచే సమర్థించుటవలన అర్థాంతరన్యాసాలంకారము.

పూర్వపక్షము, సిద్ధాంతము

ఇక ముందు వచ్చునవి విద్యుద్వాహనములు; వానికి స్టార్టరు లేదు, సెల్ఫు లేదు; కావున ఈ పద్యమునకు కాలము చెల్లినదని పూర్వపక్షము. చెల్లలేదని సిద్ధాంతము. విద్యుత్తు కారులో నేల క్రింద మహాబ్యాటరీ యెంత నిండియున్నను, దానిని మోటారునకు కలుపు స్విచ్చులను, తలుపు తాళములను, కంప్యూటరును నడుపుటకు పండ్రెండు వోల్టుల చిన్న బ్యాటరీ వేరొకటి యుండును. ఆ చిన్నది చచ్చినచో, వందల కిలోమీటర్లకు చాలు శక్తి కడుపులో పెట్టుకొని కారు కదలక నిలుచును. మొదటి పాదమున సద్దు మాత్రము మారును. తక్కిన మూడు పాదములు అక్షరము మారక నిలుచును. అడ్వైజరు ఆ కారు ముందును నిలిచి "మీరు బండి తియ్యట్లేదు సార్" అనగలడు.

ఫలశ్రుతి

ఈ పద్యమును అర్థయుక్తముగా చదివినవాడు సర్వీసు సెంటరునకు పోయినప్పుడు జాబ్ కార్డులో 'బ్యాటరీ చెక్' అని వ్రాయనీయడు. అట్లు వ్రాసినచో చూచుటతో వారి బాధ్యత తీరును. 'రాత్రి నిలిపిన బండికి ఉదయము సెల్ఫు తీసికొనుట లేదు' అని తన మాటలలో వ్రాయించును. బాగున్నదని చెప్పినప్పుడు వాదింపక, లోడ్ టెస్టు అంకె వేసిన చీటీ నడుగును. చీటీ ఇయ్యనివారిని, ఇయ్యమని వ్రాసి ఇమ్మని కోరును. బిల్లును కొన్ననాడే ఫోనులో ఫోటో తీసి దాచును.

అంతటను తీరనిచో, 2020 జులై 20 నుండి అమలులోనికి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము కలదు. అమ్మినవారు చేయవలసిన సేవలో లోపము ఆ చట్టమున ఫిర్యాదునకు తగిన కారణము. ముందుగా 1915 నంబరునకు చెప్పుకొనవచ్చును. ఆపై జిల్లా కమిషనునకు పోవచ్చును. కారణము పుట్టిన రెండేండ్లలోపల పోవలెను. చెల్లించిన మూల్యము అయిదు లక్షలకు మించనిచో రుసుము లేదు. వకీలు లేకయే తన మాట తాను చెప్పుకొనవచ్చును. ఒక బ్యాటరీకొఱకు ఇంత దూరము పోవువారు అరుదు. ఆ అరుదుతనము మీదనే వారంటీ కార్డులన్నియు నమ్మకముగా నిలిచియున్నవి. బరువు పెట్టనంతకాలము బ్యాటరీకి 12.6 చూపుట ఎట్లు సులభమో, అడుగనంతకాలము కంపెనీకి మాట నిలుపుకొన్నట్లుండుట అట్లే సులభము. వ్రాతపూర్వకముగా, తేది వేసి, అంకెతో అడుగుటయే మాట మీద మోపు పెట్టుట. ఆ మోపునకు ముల్లు ఎచ్చట ఆగునో అదియే ఆ వారంటీ విలువ.

ఇది సకలవాహనయజమాన హితార్థము విరచితమైన బ్యాటరీ పద్య వ్యాఖ్యానము. తాళము చేతికి తీసికొనుటకు ముందు చదువదగినది. తీసికొన్న పిదప చదివినచో పుణ్యము మాత్రమే.